నిండుకున్న పెట్టె

నా చిన్నప్పుడు మా ఇంట్లో నగలు తక్కువ, నగల పెట్టెలు ఎక్కువ. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. పెట్టుకోవడానికి నగలే లేనప్పుడు పెట్టెలెందుకమ్మమ్మా అంటారు. ఆ వయసులో నేనూ మా నాయనమ్మను అదే అడిగాను. నగ మెడలో ఉంటే ఊళ్ళోవాళ్ళు చూస్తారు, పెట్టె గూట్లో ఉంటే నేను చూసుకుంటాను అన్నదామె. అంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు.

హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ వైపు ఒక సందులో ఉండేది మా ఇల్లు. మందపాటి గోడలు, గోడ గోడకూ గూళ్ళు. ఇరుగుపొరుగు ఇళ్ళలో ఆ గూళ్ళలో దీపాలో గిన్నెలో ఉంటే మా ఇంట్లో పెట్టెలుండేవి. గంధపుచెక్క పెట్టె ఒకటి, మూత తీస్తే చాలు గది గదంతా వాసన. ఇత్తడి మూలలు కొట్టిన టేకు పెట్టె ఇంకొకటి. నిర్మల్ రంగులతో పూలు వేసిన తేలిక కొయ్య పెట్టె, మూత లోపల అద్దం బిగించిన సీమ రేకు పెట్టె. ఆ అద్దం నడిమికి పగిలింది, అందులో చూసుకుంటే నాకు రెండు ముక్కులు కనిపించేవి. మా తాతయ్యకు అఫ్జల్‌గంజ్‌లో గుడ్డల దుకాణం. గురువారం నాడు జుమేరాత్ బజారులో పాత సామాన్ల కుప్పల మధ్య ఏ పెట్టె కనబడినా, ఈ ముసల్దానికి పిచ్చి అని తిట్టుకుంటూనే చంకలో పెట్టుకుని తెచ్చేవాడు. నాయనమ్మ దాన్ని ముందు ఎండలో పెట్టేది. ఇత్తడైతే చింతపండుతో తోమేది, కొయ్యయితే కొబ్బరినూనె గుడ్డతో తుడిచేది. ఆ తర్వాత ఏ గూట్లో పెట్టాలా అని ఇల్లంతా తిరిగేది. పెట్టె వచ్చిన రోజు మా ఇంట్లో వంట ఆలస్యమయ్యేది.

ఇన్ని పెట్టెలున్నా ఒక్కటీ ఉత్తదిగా ఉండేది కాదు. ఇంట్లోకి రాగానే ప్రతి పెట్టెలో ఒక పసుపు కొమ్ము వేసేది. అసలు ఆమె నోట ఖాళీ అన్న మాట రాదు, ఉత్త అన్న మాటా రాదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనాలి. నూనె అయినా కుంకుమ అయినా నిండుకోవలసిందే. తెలుగిళ్ళలో ఆడవాళ్ళు చాలామంది అట్లా అనేవాళ్ళే. కానీ మిగతావాళ్ళకు అది అలవాటు, మా నాయనమ్మకు భయం. అది యుద్ధకాలం. మా నాన్న మిలిటరీలో మోటారు బండ్లు నడిపే పనికి చేరి సముద్రం దాటి వెళ్ళాడు. చాలా కాలంగా ఆయన దగ్గర్నుంచి కార్డు ముక్క కూడా రాలేదు. ఈ ఇంట్లో ఎవరైనా ఖాళీ అంటే ఆ మాట పోయి పోయి తన కొడుకుకు తగులుతుందని ఆమె నమ్మకం. ఒకసారి నేను బిందె ఖాళీ అని అరిస్తే పరుగెత్తుకొచ్చి నా పెదవుల మీద వేలు పెట్టి నొక్కింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు, గబగబా పోయి ఆ బిందెలో చెంబెడు నీళ్ళు పోసింది.

మా సందు చివర ఒక దేవిడీ ఉండేది, అంటే నవాబుల కుటుంబం ఉండే పెద్ద లోగిలి. ఆ ఇంటి పెద్దావిడను అందరూ పెద్ద పాషా అనేవాళ్ళు. బీగాలూ దీపాలూ పాన్‌దానూ, ఆమెకు సంబంధించినవన్నీ చూసేది ఒక ముసలావిడ. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోతే ఆ దేవిడీలో పనికి చేరి అక్కడే తల నెరిసిన మనిషి. మేమంతా ఆమెను బూబు అని పిలిచేవాళ్ళం. అక్క అన్నమాట. తెలుగూ, దఖనీ అనే ఇక్కడి ఉర్దూ రెండూ ఒక్కలాగే మాట్లాడేది. మధ్యాహ్నాలు మా గడప మీద కూర్చుని నాయనమ్మతో పాటు బియ్యంలో రాళ్ళేరేది. పెద్ద పాషాకు తెలుగు రాదు, నాయనమ్మకు బజారు దఖనీ తప్ప రాదు. ఎప్పుడైనా వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాలంటే మధ్యలో మాటలు మోసేది బూబే.

దేవిడీలో ఏదో శుభకార్యానికి గదులు సర్దుతూ పాత సామాన్లు తీసేస్తున్నప్పుడు, పెట్టెల పిచ్చి ఉన్న మా నాయనమ్మ సంగతి బూబు చెప్పిందట. పెద్ద పాషా నవ్వి, తన అత్తగారి నాటి బీదరీ పెట్టె ఒకటి పంపించింది. దాన్ని బూబు ఒక గుడ్డలో చుట్టి తెచ్చింది. కాటుకలా నల్లటి లోహం, దాని మీద వెండి తీగతో అల్లిన లతలు. లోపల ఎర్ర మఖ్మలు. రంగు వెలిసిపోయినా హారం పెట్టే చోటు వంపుగా పల్లం పడి అలాగే ఉంది. ఆ పల్లంలో ఏమీ లేదు. బూబే తన చేతులతో మూత తీసింది. నాయనమ్మ వంగి చూసింది, ఆమె భుజం మీదుగా నేనూ చూశాను. ఖస్సు అత్తరు, అంటే వట్టివేళ్ళ వాసన వేసింది. నాయనమ్మ వెంటనే ఒక పసుపు కొమ్ము అందులో వేసింది. గుడ్డ కూడా ఉత్తగా తిరిగి పోకూడదు గనుక దాంట్లో పుట్నాలూ బెల్లమూ కట్టి బూబుకిచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పొద్దు వాలాక గానీ పొయ్యి అంటుకోలేదు.

కొన్నాళ్ళ తర్వాత, ఒక బుధవారం పొద్దున్నే దేవిడీ దరోగా మా ఇంటికి వచ్చాడు. ఆ ఇంటి వ్యవహారాలన్నీ ఆయన చేతిలో. ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. జాగీరు ఊళ్ళ నుంచి వచ్చే పటేళ్ళతో మాట్లాడీ మాట్లాడీ కొంత తెలుగు నేర్చుకున్నాడు, ఆ తెలుగంటే ఆయనకు మహా ముచ్చట. వానలు పడ్డాక పటేళ్ళు వచ్చి చెరువు నిండింది సాబ్ అంటే ఎంతో సంతోషపడేవాడని బూబు చెప్పి నవ్వేది. ఆ రోజు మాత్రం ఆయన ముఖంలో నవ్వు లేదు. పెద్ద పాషా కోడలి సత్లడా, అంటే ఏడు పేటల ముత్యాల హారం, కనబడటం లేదట. అది ఆ బీదరీ పెట్టెలోనే ఉండేదని కోడలు అంటోందట. పెట్టె ఖాళీదే అని బూబు ఒట్టు పెడుతోందట. లోపలి గదిలో నుంచి మా గడప దాకా ఆ పెట్టెను మోసింది బూబు ఒక్కతే. కాబట్టి మీరే చెప్పాలి అన్నాడు ఆయన, అరుగు మీద నిలబడి.

నాయనమ్మ తలుపు చాటున నిలబడింది. పెట్టె మీ ఇంటికి వచ్చేటప్పుడు ఎట్లుండె అని ఆయన అడిగాడు.

"మా ఇంటికొచ్చేటప్పటికే నిండుకున్నది సాబ్" అన్నది నాయనమ్మ.

"నిండుకున్నదా? పక్కానా?"

"పక్కా సాబ్. బూబు మూత తీస్తే నా కండ్లతోని చూసిన."

ఆయన ఒక్క క్షణం తలుపు వైపే చూసి, షుక్రియా చెప్పి వెళ్ళిపోయాడు. నాయనమ్మ లోపలికి వచ్చి చేతులు కడుక్కుని, బూబుకు గండం తప్పింది అన్నది. ఆ పూట మాకు పప్పులో కొంచెం ఎక్కువ నెయ్యి పడింది కూడా.

మర్నాడు గురువారం. జుమేరాత్ బజారు రోజు గనుక మా తాతయ్య సాయంత్రం దాకా రాడు. అటువంటిది మధ్యాహ్నానికే దుకాణం కట్టేసి వచ్చాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. చెప్పులు విడవకుండానే నడవాలో నిలబడి అడిగాడు.

"ఏందే, దరోగాకు ఏం చెప్పినవ్?"

"ఉన్న మాటనే చెప్పిన."

"ఉన్న మాటనా? పెట్టె నిండ నగలున్నయని నువ్వే సాక్ష్యం చెప్పినవంట గద. బూబును గింజల కొట్టుల ఏసి తాళం పెట్టిన్రు."

నాయనమ్మకు మొదట అర్థం కాలేదు. నగలున్నయని నేనెప్పుడన్న, నిండుకున్నదన్న అని రెట్టించింది. అట్లా అంటూ అంటూనే ఆగిపోయింది. తాతయ్య గోడకు చేరగిలబడి తల కొట్టుకున్నాడు. దరోగాకు తెలిసింది చెరువు నిండటం ఒక్కటే. అయిపోయినదాన్ని కూడా నిండుకున్నది అంటామని ఆయనకు ఎవరు చెప్పారు? భరా హువా థా, అంటే నిండా ఉండింది అని ఆయన అర్థం చేసుకున్నాడు, పోయి పెద్ద పాషాకు అదే చెప్పాడు. నిండు పెట్టె బూబు చేతుల మీదుగా మా ఇంటికొచ్చింది. పెట్టె ఖాళీదని బూబు ఒట్టు పెట్టింది, నగ వచ్చిన సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. అంటే బూబు దొంగ, మేము దొంగసొత్తు దాచినవాళ్ళం.

శుక్రవారం జుమ్మా నమాజు కాగానే బూబును కొత్వాలికి అప్పగిస్తారట, మా ఇల్లు సోదా చేస్తారట. మా ఇంటి సంగతి ఎట్లున్నా, బూబుకు అది బతుకు పోవడమే. కొత్వాలి మెట్లెక్కిన ఆడదాన్ని ఆ రోజుల్లో ఏ ఇంటివాళ్ళూ మళ్ళీ గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. బహదూర్‌పురాలో ఆమె చెల్లెలి కొడుకు ఉన్నాడు గానీ, వాడు మంచి రోజుల్లోనే పలకరించని రకం. బూబుకు ఉన్నదల్లా ఆమె పేరు. నమ్మకమైన మనిషి అన్న ఆ పేరు పోతే ఇక ఆమెకు ఏమీ మిగలదు. ఆ పేరు తీసింది మా నాయనమ్మ నోటి మాట.

తాతయ్యకు ఉర్దూ బాగా వచ్చు. అప్పటికప్పుడు దేవిడీకి వెళ్ళాడు. వెళ్ళినంత సేపు పట్టలేదు రావడానికి. కండువా భుజం మీద నుంచి జారిపోతున్నా పట్టించుకోలేదు. నిన్న భరా, ఇవ్వాళ ఖాలీనా అన్నాడట దరోగా, నలుగురి ముందు. కావాలంటే ఏ తెలుగువాణ్ణయినా పిలిచి అడగండి అంటే, నువ్వు చెప్పి పెట్టని తెలుగువాడు ఈ సందులో ఎవడున్నాడు అన్నాడట. మా తాతయ్య గట్టి మనిషి, బజారులో ఎవరికీ తలొగ్గేవాడు కాదు. ఆ సాయంత్రం మాత్రం గూళ్ళలోని పెట్టెలన్నిటి వంకా చూసి, వీటన్నిటినీ మూసిలో కలుపుతా అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆమె తల దువ్వుకుని, బీదరీ పెట్టెను కొంగు కింద పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుంది. నడువు బిడ్డ, నాకు నీ నోరు కావాలె అన్నది. మాటలు మోసే బూబే నేరస్తురాలై కూర్చుంది కదా, ఇక నాయనమ్మకు మిగిలింది నేను. సందులో పిల్లలతో ఆడుకుని దఖనీ గడగడా మాట్లాడేదాన్ని. ఆడవాళ్ళం గనుక మమ్మల్ని జనానాలోకి పోనిచ్చారు. పెద్ద పాషా తఖ్తు మీద కూర్చుని ఉంది, బక్కపలుచని ముసలామె. పక్కన పాన్‌దాను. దరోగా పర్దాకు అవతల నిలబడ్డాడు. బూబును తీసుకొచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. ఆమె ఓణీకి గింజల దుమ్ము అంటుకుని ఉంది. మా వైపు చూడలేదు.

నాయనమ్మ పెట్టె తీసి తఖ్తు మీద పెట్టి, నాతో చెప్పించింది. పాషా, మా మాటకు అర్థం ఏమిటో నన్ను అడగొద్దు, నా మొగుణ్ణి అడగొద్దు. మమ్మల్ని ఎరగని దుకాణం ఏదో ఒకటి దరోగా సాబే ఎంచుకోనివ్వండి. ఆ దుకాణానికి ఈ పిల్ల పోయి, మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి అని ఒక్క మాట అంటుంది. ఇంకో మాట అనదు, చేతిలో సంచీ కూడా ఉండదు. దుకాణదారు ఏం చేస్తాడో సాబ్ తన కళ్ళతో చూడనివ్వండి. నిండుకోవడమంటే నిండటమే అయితే నేను అబద్ధాలకోరును, నన్నూ బూబుతో పాటే కొత్వాలికి పంపండి.

చివరి మాట దఖనీలోకి మార్చకుండా నేను నాయనమ్మ వంక చూశాను. చెప్పమని నాయనమ్మ నా వీపు మీద తట్టింది. చెప్పాను. పెద్ద పాషా పర్దా వైపు తిరిగి, అజాను లోపల తిరిగి రావాలి అన్నది.

దరోగా నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. మా సందు దుకాణం దాటాడు, శాలిబండ దుకాణాలు దాటాడు. అలియాబాదు దర్వాజ కూడా దాటి చాంద్రాయణగుట్టకు పోయే బాట మీద పడ్డాడు. నేను ఆయన వెనకాల సగం నడక సగం పరుగు. నోట్లో నిండుకున్నాయి, నిండుకున్నాయి అని గొణుక్కుంటూ పోతున్నాను. అనగా అనగా ఆ మాట నాకే వింతగా వినబడసాగింది. నిజంగా దీనికి అర్థం అయిపోవడమేనా, మా ఇంట్లోనే అట్లా అంటారా అని అనుమానం పుట్టింది. ఆ భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. చిన్నప్పటి నుంచీ అంటున్న మాట కాళ్ళ కింద నుంచి జారిపోతున్నట్టయింది.

బాట పక్కన ఒక చిన్న కిరాణా దుకాణం ముందు ఆయన ఆగాడు. పో అన్నట్టు గడ్డం ఊపాడు. గల్లా దగ్గర ఒక లావుపాటి ఆయన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుకుంటున్నాడు. నేనెవరో ఆయనకు తెలియదు, ఆయనెవరో నాకు తెలియదు.

"మా ఇంట్ల బియ్యం నిండుకున్నయి" అన్నాను.

ఆయన తల కూడా ఎత్తలేదు. "మా తాన గూడ నిండుకున్నయి బిడ్డ" అన్నాడు.

కొలపాత్ర తీసుకుంటాడు, సంచేది అని అడుగుతాడు అని నాయనమ్మ అనుకుంది, నేనూ అనుకున్నాను. సర్కారు బియ్యం లెక్కపెట్టి ఇచ్చే కంట్రోలు రోజులు. దుకాణంలో కూడా బియ్యం ఉండవన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. పక్కకు చూస్తే దరోగా మీసాల కింద సన్నగా నవ్వుతున్నాడు. ఇంటివాళ్ళకూ నిండుగా ఉన్నాయట, దుకాణంలోనూ నిండుగా ఉన్నాయట, ఆయనకు అంతే వినబడింది. నాకేమో ఇంకో మాట అనడానికి లేదు. ఒట్టు పెట్టి వచ్చాము.

ఆయనే ముందుకు వచ్చాడు. తన తెలుగు మీద ఆయనకున్న ముచ్చట ఆ రోజు బూబును కాపాడింది.

"నిండుకున్నయి అంటివి గదా. అయితే ఇవ్వు. పిల్లకు ఎందుకు ఇవ్వవు?"

దుకాణదారు అప్పుడు తలెత్తాడు. షేర్వానీ, టోపీ, చేతికర్ర చూశాడు. బియ్యం దాచిపెట్టాడని తనిఖీకి వచ్చిన సర్కారు మనిషి అనుకున్నాడో ఏమో, గబగబా లేచాడు.

"ఏమియ్యాలె సాబ్? నిండుకున్నయని చెప్తున్న గద."

"నిండుకుంటే ఇవ్వాలె."

"నేను దాచిపెట్టిననుకుంటున్నరా? చూస్కోన్రి, మీ కండ్లతోనే చూస్కోన్రి" అంటూ వెనకనున్న గోనెసంచీ లాగి, బల్ల మీద తలకిందులు చేసి దులిపాడు. తవుడు దుమ్ము లేచింది, రెండు రాళ్ళు పడ్డాయి. అంతే. ఇంకో సంచీ లాగాడు, అదీ దులిపాడు. రేకు డబ్బా మూత తీసి దరోగా ముక్కు దగ్గరికి పెట్టాడు. "ఇగో. నిండుకున్నయంటే గిదే" అన్నాడు, ఆయాసపడుతూ.

దరోగా ముఖంలో నవ్వు పోయింది. బల్ల మీద పడి ఉన్న సంచీని తన చేత్తో పట్టుకుని లోపలికి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని మడిచి మెల్లగా దుకాణదారు చేతికిచ్చి, మాఫ్ కర్నా అని నా వైపు తిరిగాడు. వెనక్కి వచ్చేటప్పుడు నన్ను టాంగా ఎక్కించాడు. ఆ మనిషి మీద నాకు కోపం ఉండాలి, కానీ లేదు. దేవిడీకి రాగానే పర్దా అవతల నిలబడి, తప్పు నాదే పాషా, వీళ్ళ నిండుకోవడం వేరు అని తన నోటితోనే చెప్పాడు. దారిలో ఇంకో మాట అల్లుకుని రావడానికి ఆయనకు కావలసినంత వ్యవధి ఉంది. అల్లుకోలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. పెద్ద పాషా పెట్టె మూత తీసి లోపలికి చూసింది. మఖ్మలు మీద పసుపు కొమ్ము ఉంది, దాని కింద పచ్చటి మరక. ఇదేమిటి అని అడిగింది. పెట్టెను ఒట్టిగా ఉంచదు పాషా, మా నాయనమ్మ ఇట్లా వేస్తుంది అని నేనే చెప్పాను. ఆమె నా వంక కాకుండా నాయనమ్మ వంక చూసింది. మాట అర్థం దరోగాకు తెలిసింది, కానీ నేను మీ నోట విన్నది ఇంకా ఏమీ లేదు. నాకు తెలిసిన మాటలో చెప్పండి, ఇది మీ ఇంటికి వచ్చినప్పుడు ఖాలీనా, భరానా అన్నది. పిల్ల చెప్పొద్దు, మీరే చెప్పండి అన్నది.

నాయనమ్మ నోరు తెరవలేదు. ఖాళీ అన్న మాట ఉర్దూలో అయినా తెలుగులో అయినా ఒక్కటే, తప్పించుకోవడానికి దారి లేదు. ఆమె ఎందుకు ఆగిందో ఆ గదిలో నాకు తెలుసు, బూబుకు తెలుసు. పెద్ద పాషాకు తెలియదు. ఆమె కళ్ళలో మళ్ళీ అనుమానం తిరగడం నేను చూశాను. పర్దా అవతల దరోగా కాలు మార్చి నిలబడ్డ చప్పుడు వినిపించింది. ఆమె చేతి వేళ్ళు నా చేతిని నలిపేస్తున్నాయి. మా నాన్న ముఖం ఆమె కళ్ళ ముందుందని నాకు తెలుస్తూనే ఉంది, ఎందుకంటే నా కళ్ళ ముందు కూడా అదే ఉంది. అనొద్దు నాయనమ్మా అని నాకు లోపల ఏడుపు వచ్చింది. అనకపోతే బూబు ఏమవుతుందో తెలిసి కూడా వచ్చింది.

అప్పుడు బూబు మొదటిసారి తలెత్తి మా వైపు చూసింది. అడుక్కోలేదు, చెప్పమని సైగ చెయ్యలేదు. ఊరికే చూసింది.

"ఖాలీ" అన్నది మా నాయనమ్మ. పర్దా అవతలికి కూడా వినబడాలని మళ్ళీ అన్నది. "ఖాలీ ఉండె పాషా. ఉత్త పెట్టె. ఏమీ లేకుండె."

ఇన్నాళ్ళూ దాచుకున్న చెడ్డ మాటలన్నీ వరుసగా అనేసి, ఆమె నా భుజం పట్టుకుని నిలబడింది. బయట అజాను మొదలైంది. పెద్ద పాషా పెట్టె మూత వేసి నాయనమ్మ వైపు జరిపింది. తర్వాత పాన్‌దాను తీసి బూబు వైపు తోసి, పాన్ చుట్టు అన్నది. ఆ ఇంట్లో అంతకు మించి క్షమాపణ అడగడం తెలియదేమో. బూబు కొంగుతో చేతులు తుడుచుకుని పాన్ చుట్టింది.

ఆ తర్వాత మమ్మల్ని వాకిలి దాకా దిగబెట్టడానికి వచ్చి, ఎవరూ లేని చోట నాయనమ్మను ఆపింది. నేను వాళ్ళిద్దరూ కావలించుకుంటారనుకున్నాను.

"ఇంత చిన్న మాట. బుధవారంనాడే అంటే ఏం పోయేది నీకు?" అన్నది బూబు. "ఎలకల నడుమ కూసున్న."

నాయనమ్మకు అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది. "భయమైంది బూబు" అన్నది. "అప్పుడు అనాలంటే భయమైంది. ఇయ్యాల అనకుంటే నీ మొఖం చూడాలంటే భయమైతదనిపించింది."

బూబు కొంగు తీసి నాయనమ్మ ముఖం తుడిచింది, ఆ కొంగుకున్న గింజల దుమ్ము నాయనమ్మ చెంపకు అంటుకుంది. మళ్ళీ మా గడప మీదికి బియ్యం ఏరడానికి రావడానికి బూబుకు చాలా రోజులు పట్టింది. వచ్చింది గానీ, ఆ పెట్టె ఉన్న గూటి వైపు మాత్రం వీపు పెట్టి కూర్చునేది. సత్లడా ఏమైందో నాకు ఈ రోజుకీ తెలియదు. దేవిడీలో ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదట.

ఆ శుక్రవారం ఇంటికి రాగానే నాయనమ్మ చేసిన మొదటి పని, బీదరీ పెట్టెలోని పసుపు కొమ్మును తీసి పక్కన పెట్టడం. తక్కిన పెట్టెలన్నిటిలో కొమ్ములు అట్లాగే ఉన్నాయి, బియ్యం కూడా నిండుకుంటూనే ఉన్నాయి. ఆ ఒక్క పెట్టె మాత్రం ఖాళీగా గూట్లో పెట్టింది.

మా నాన్న యుద్ధం అయ్యాక తిరిగొచ్చాడు. చిక్కి సగమయ్యాడు, కుడి చెవి వినబడదు, అయినా వచ్చాడు. నాయనమ్మ కోసం బర్మా నుంచి లక్క పూసిన ఎర్రటి పెట్టె కూడా తెచ్చాడు. ఇదంతా వినేవాళ్ళు, చూశారా, ఆ మాట అన్నా ఏమీ కాలేదు కదా అంటారు. నాకు వాళ్ళ మీద చిరాకు వస్తుంది. ఏమీ కాదని ఆమెకు తెలియదు. కొడుకు ప్రాణం మీదికి వస్తుందని నమ్ముతూనే, పక్కింటి మనిషి పేరు కోసం ఆ మాట అన్నది. మర్యాద మాటలు బియ్యానికీ కుంకుమకూ సరే. ఒక మనిషి మెడ మీదికి వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు, ఎదుటివాడికి తెలిసిన మాటలో చెప్పాలి. నేను ఆ రోజు తెచ్చుకున్నది ఇదే. తర్వాత నా బతుకులో అటువంటి చోట్లు కొన్ని వచ్చాయి. ప్రతిసారీ నాయనమ్మ వేళ్ళు నా చేతిని నలిపినట్టే ఉండేది.

గూళ్ళ ఇల్లు పోయింది. పెట్టెలు తలా ఒకరి ఇంటికి చేరాయి, బీదరీది నాకు వచ్చింది. ఇప్పుడు ఇటువంటివాటిని జనం అద్దాల బీరువాల్లో పెట్టుకుని యాంటిక్ అంటున్నారు. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చేతిలోకి తీసుకుని వెండి తీగను వేలితో తడుముతారు, బరువు చూస్తారు. ఇంత మంచి పెట్టెలో ఏం దాచుకున్నారమ్మా అని అడుగుతారు. నేను ఈ వయసులో కూడా కోడలితో బియ్యం నిండుకున్నాయనే చెబుతాను, ఆ అలవాటు నాతోనే పోతుంది. ఆ పెట్టె సంగతి అడిగినప్పుడు మాత్రం ఖాళీ అంటాను. గట్టిగానే అంటాను.